కొల్లేరు పరిశోధనలో వేకువ కొలతే కీలకం

ఏలూరు: కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ విస్తరించిన కొల్లేరు మంచినీటి సరస్సు జీవశాస్త్ర పరిశోధక విద్యార్థులకు సహజ ప్రయోగశాల. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చోటు దక్కింది. 2006లో అక్రమ చేపల చెరువుల గట్లను తొలగించారు.

బుడమేరు, తమ్మిలేరు తదితర ఏరుల వరద నీటితో పాటు పట్టణాల మురుగు, పొలాల ఎరువుల అవశేషాలు కూడా సరస్సులోకి చేరుతాయి. నత్రజని, భాస్వరం అధికమైతే నాచు విపరీతంగా పెరుగుతుంది. పగటి వెలుతురులో నాచు నీటిలోకి ప్రాణవాయువును విడుదల చేస్తుంది. రాత్రివేళ నాచు, చేపలు, సూక్ష్మజీవులు అన్నీ దానినే వినియోగించుకుంటాయి. అందువల్ల వేకువ సమయానికి ప్రాణవాయువు కనిష్ఠ స్థాయికి పడిపోయి, చేపలు నీటిపైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

మధ్యాహ్నం మాత్రమే నమూనాలు సేకరించిన విద్యార్థికి ఇదే నీరు ఆరోగ్యకరంగా కనిపిస్తుంది. కనుక ఒకే చోట వేకువన, మధ్యాహ్నం కూడా కొలవాలి. వింక్లర్ పద్ధతిలో సీసాను గాలి బుడగ లేకుండా నింపి, మాంగనీసు సల్ఫేటు, క్షార అయొడైడు ద్రావణాలను పడవలోనే కలపాలి. ఆలస్యమైతే విలువ మారిపోతుంది. వేసవి, వర్ష, శీతకాలాల్లో ఇలా ఏటా నమోదు చేస్తేనే సరస్సు కోలుకుంటున్నదో, క్షీణిస్తున్నదో తేలుతుంది.