మచిలీబందరు బాటమీద మోటారు టైరు

తెల్లవారుజామున ఎల్.బి.నగర్ చౌరస్తాలో నిలిచినవారికి ఒక దృశ్యము తప్పక కనిపించును. సూర్యాపేటకు, ఖమ్మమునకు, విజయవాడకు పోవు అద్దెకార్లు మెట్రో స్తంభముల ప్రక్కన వరుస తీరియుండును. బయలుదేరుటకు ముందు డ్రైవరు బండి చుట్టును ఒకసారి తిరుగును. ఒక్కొక్క టైరును కాలితో తన్ని చూచును. ఆ పిమ్మటనే ప్రయాణికులను ఎక్కుమనును. ఆ తాపు వట్టి అలవాటు కాదు. దాని వెనుక రెండు మూడు తరముల అనుభవము కలదు. అయితే నేటి టైరు ఆ తాపునకు నిజము చెప్పదు. ఎందుచేత చెప్పదో తెలియవలెనన్నచో ఈ బాట కథను, టైరు కథను కలిపి చెప్పుకొనవలెను.

దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి.నగర్ దాటి తూర్పునకు సాగు ఈ దారి క్రొత్తది కాదు. గోలకొండ రాజ్యమునకు సముద్రద్వారము మచిలీబందరు. పదునేడవ శతాబ్దిలో వజ్రముల వర్తకుడు టావెర్నియే, యాత్రికుడు తెవెనో మొదలగు విదేశీయులు గోలకొండకును బందరుకును నడుమ ప్రయాణము చేసిరి. ఎల్.బి.నగర్ దాటగనే వచ్చు హయత్‌నగర్, మహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె హయాత్‌బక్షీ బేగము పేర వెలసినది. దిల్‌సుఖ్‌నగర్‌కు ఇవతలనున్న మూసారాంబాగ్, 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమండు పేరును నేటికిని మోయుచున్నది. ఆ కాలమంతయు ఈ దారిన నడచినవి ఎద్దుబండ్లు. వాటి చక్రములకు ఇనుపకట్టే టైరు. అది పగులదు, గాలి పోదు. కాని రాతినేలమీది ప్రతి కుదుపును బండిలోనివాని వెన్నెముకకు చేరవేయును.

ఇనుపకట్టు స్థానమున గాలిని నిలుపవచ్చునని లోకమునకు తోచుటకు చాల కాలము పట్టెను. పచ్చి రబ్బరు ఎండకు కరగి జిగురగును, చలికి పెళుసుబారును. దానిని గంధకముతో కాచినచో గట్టిపడునని అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొనెను. గాలి నింపిన చక్రమునకు రాబర్ట్ విలియం థామ్సన్ 1845లో పేటెంటు పొందెను గాని, అది వాడుకకు రాక మరుగుపడెను. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండి కుదుపు తగ్గించుటకై ఆ యూహనే మరల తాను స్వయముగా కనుగొనెను. 1895లో పారిస్ నుండి బోర్దోకు పోయి మరలివచ్చు పందెమున మిషెలిన్ సోదరులు గాలిటైర్లతో కారు నడపిరి. దారి పొడవునను పంచర్లు పడుచుండెను. అయినను బండి గమ్యము చేరెను. మోటారుకారు గాలిమీద నడువగలదని నాడు రుజువయ్యెను.

హైదరాబాదునకు మోటారు మొదట రాజభవనముల వాహనముగా వచ్చెను. చౌమహల్లాలో నేటికిని చూడదగిన 1912 నాటి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ ఉత్సవములకే గాని ఊరేగుటకు పోలేదు. అది నడచిన దూరము కొన్ని వందల మైళ్ళు మాత్రమేనని ప్రసిద్ధి. సామాన్యునకు టైరుతో పరిచయము కలిగినది 1932లో. ఆ సంవత్సరము నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ఆరంభమయ్యెను. 1951లో అది హైదరాబాదు ప్రభుత్వము చేతికి వచ్చెను. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. బస్సు పోవని వేళలందు, పెండ్లికి, తీర్థయాత్రకు, ఆసుపత్రికి అద్దెకారు అవసరమయ్యెను. ఆ అవసరమునుండియే మనము చెప్పుకొనదలచిన డ్రైవరు పుట్టెను.

ఆ డ్రైవరునకు చిరకాలము అన్నము పెట్టినది అంబాసిడరు కారు. 1950ల చివర వెలువడి 2014 వరకు తయారైన ఆ కారునకు పదునైదు అంగుళముల చక్రము, లోపల ట్యూబు, పైన అడ్డపొరల టైరు ఉండెడివి. అడ్డపొరల టైరనగా దారముల పొరలు ఒకదానిపై ఒకటి ఏటవాలుగా అల్లుకొన్నట్టిది. ప్రక్కగోడయు, నేలనానెడు భాగమును ఒకే ఒడలుగా వంగును. వంగినప్పుడెల్ల పొరలు రాపిడి చెంది వేడెక్కును. పంచరు నిత్యకృత్యము. అందుచేత డిక్కీలో జాకీ, పానా, ట్యూబు ముక్కలు, జిగురు, చేతిపంపు లేనిదే డ్రైవరు ఊరు దాటెడివాడు కాడు.

అన్నిటికంటె ముఖ్యముగా స్టెప్నీ ఉండవలెను. మన డ్రైవర్ల నోట తెలుగు మాటవలె నానిన ఈ పేరు, వేల్సులోని లానెల్లి పట్టణమున ఒక వీధి పేరు. 1904 ప్రాంతమున డేవిస్ సోదరులు ఆ వీధిలోని తమ దుకాణమున అదనపు చక్రమును తయారుచేసి అమ్మిరి. ఆంగ్లదేశమున ఆ మాట దాదాపు మరపునబడినది. దిల్‌సుఖ్‌నగర్ పంచరు దుకాణమున మాత్రము నేటికిని సజీవముగ నున్నది.

ఆ కాలపు టైరునకు ఒక సుగుణము కలదు. అది తన బాధను దాచెడిది కాదు. గాలి తగ్గినచో ప్రక్కగోడ స్పష్టముగా కుంగెడిది. కాలితో తన్నినచో మెత్తదనము తెలిసెడిది. మేకు దిగినచో ట్యూబు వెంటనే ఖాళీయై బండి ఒక ప్రక్కకు లాగెడిది. బండి వేగము తక్కువగుటచే డ్రైవరు నెమ్మదిగా అంచునకు తీసి ఆపగలిగెడివాడు. కష్టము తరచుగా వచ్చెను గాని, చెప్పి వచ్చెను. ఆ కష్టమే డ్రైవరునకు గురువయ్యెను.

పిదప టైరు ఒడలే మారెను. ఫ్రాన్సున మిషెలిన్ సంస్థ 1946లో పేటెంటు పొందిన రేడియల్ టైరునందు దారములు ఒక అంచునుండి రెండవ అంచునకు తిన్నగా పోవును. నేలనానెడు భాగము క్రింద ఉక్కుతీగల పట్టీలుండును. ప్రక్కగోడ మెత్తన, నేలభాగము గట్టి. అందుచేత అది తక్కువ వేడెక్కును, నెమ్మదిగా అరుగును, మలుపున నేలను విడువదు. మన దేశమున రేడియల్ తయారీ 1977లో జె.కె. సంస్థతో మొదలయ్యెను. 1983లో మారుతి రాకతో చిన్నకార్ల యుగము ఆరంభమై, ఆ పిమ్మటి దశాబ్దములలో కార్లకు రేడియల్ సర్వసామాన్యమయ్యెను. వెనువెంట ట్యూబులేని టైరును వచ్చెను. 1946లో మద్రాసు తిరువొత్తియూరులో ఆటబుడగలు చేయు చిన్న షెడ్డుగా మొదలైన ఎం.ఆర్.ఎఫ్. నేడు మన సదాశివపేటలోనే టైర్లు చేయుచున్నది.

ఇక్కడనే మన కథలో చిక్కు వచ్చుచున్నది. రేడియల్ టైరు ప్రక్కగోడ గాలి నిండుగా ఉన్నప్పుడును నేలదగ్గర కొంత ఉబ్బియే కనిపించును. కావున పాతిక వంతు గాలి పోయినను కంటికి తెలియదు. కాలితాపునకు అసలే తెలియదు. ట్యూబులేని టైరున మేకు దిగినచో, ఆ మేకే రంధ్రమునకు బిరడావలె నిలుచును. గాలి గంటల తరబడి, దినముల తరబడి కొద్దికొద్దిగా జారుచుండును. డ్రైవరు ఏమియు ఎరుగక ప్రయాణము సాగించును. పాత టైరు అరచి చెప్పెడిది. క్రొత్త టైరు మౌనముగా భరించి, భరింపలేనప్పుడు ఒక్కసారిగా ప్రేలును.

అదే కాలమున బాటయును మారెను. తొమ్మిదవ నంబరు జాతీయ రహదారి 2010లో జరిగిన మార్పుతో అరువదియైదవ నంబరయ్యెను. 2012 ప్రాంతమున విజయవాడ వరకు నాలుగు వరుసలయ్యెను. పూర్వము ప్రతి ఊరిలోను నిదానించిన కారు ఇప్పుడు పంతంగి, కొర్లపహాడు, చిల్లకల్లు టోలుగేట్ల వద్ద తప్ప నిదానింపదు. కష్టము అరుదయ్యెను, కాని వచ్చినప్పుడు నూరు కిలోమీటర్ల వేగమున వచ్చుచున్నది.

ఒక వైశాఖమున మేము దిల్‌సుఖ్‌నగర్ నుండి సూర్యాపేటకు అద్దెకారులో పోవుచుంటిమి. చౌటుప్పల్ దాటిన పిదప టీ దుకాణమువద్ద బండి ఆగెను. అరువది దాటిన ఆ డ్రైవరు టీ గ్లాసు అందుకొనక పూర్వమే నాలుగు టైర్లను అరచేతితో తాకి చూచెను. మూడు టైర్లు సమముగా వెచ్చగా ఉండెను. వెనుక ఎడమవైపుది చేయి నిలువనంత వేడిగా ఉండెను. చూపునకు నాలుగును ఒక్కతీరుగనే యుండెను. గేజి పెట్టగా మూడింటిలో 36 పౌనులు, దానిలో 22 మాత్రమే తేలెను. గాడి నడుమ చిన్న మేకు దాగియుండెను. “అంబాసిడరు నాటి అలవాటు, సార్. కాలు అబద్ధము చెప్పును గాని చేయి చెప్పదు,” అని ఆయన స్టెప్నీ దించెను. ఆ యెండలో మరి యేబది కిలోమీటర్లు అట్లే పోయియున్నచో ఏమి జరిగెడిదో తలచుకొనుటకు మాకు మనస్సొప్పలేదు.

ఆయన చేయి చెప్పినదానికి శాస్త్రమున ఆధారము కలదు. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టునందును అధికముగా వంగును. వంగిన కొలది రబ్బరు లోలోపల కాగును. కాగిన కొలది ఉక్కుపట్టీలకును రబ్బరునకును గల బంధము సడలును. నల్లగొండ జిల్లాలో వేసవిని బాట పైభాగము కాలు మోపలేనంత కాగుచుండును. దానికి బరువు, వేగము తోడైనచో టైరు పగులుట విధివశము కాదు. లెక్కప్రకారము జరుగు పని.

ఈ సందర్భమున ఒక దురభిప్రాయమును చెప్పక తప్పదు. వేసవిలో గాలి వ్యాకోచించును గావున ముందే నాలుగైదు పౌనులు తగ్గించుట మేలని పలువురు డ్రైవర్లు నేటికిని నమ్ముచున్నారు. ఇది మంచి ఉద్దేశముతో చేయు తప్పు. కారు తలుపు అంచున ముద్రించిన అంకె చల్లని టైరునకు చెప్పినది. నడకలో పెరుగు నాలుగైదు పౌనులను లెక్కలోనికి తీసికొనియే దానిని నిర్ణయింతురు. తగ్గించినచో వేడి తగ్గుటకు మారు పెరుగును. కావున గాలిని తెల్లవారి, బండి కదలకమునుపు చూడవలెను. దిల్‌సుఖ్‌నగర్ రద్దీలో గంటసేపు తిరిగిన పిమ్మట కాదు.

పట్టణములో టైరు పడు పాట్లు వేరు. మలక్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు ఆగుట, కదలుట, మరల ఆగుట. ప్రతి బ్రేకునకు కొంత రబ్బరు నేలపాలగును. వేగనిరోధకములు, గుంతలు, అంచురాళ్ళు మెత్తని ప్రక్కగోడను దెబ్బతీయును. లోపలి దారములు తెగి పైన గ్రుడ్డువలె ఉబ్బును. అట్టి టైరును రహదారి ఎక్కింపరాదు. టైరు అరుగుదల చదువనేర్చినవానికి ఒక లిపి. రెండంచులు అరిగినచో గాలి తక్కువ. నడుమ అరిగినచో గాలి ఎక్కువ. ఒక అంచు మాత్రమే అరిగినచో చక్రముల పొందిక చెడినది.

వానకాలమున ఆ లిపి ప్రాణావసరమగును. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ పరిసరములు నీట మునిగిన సంగతి ఇక్కడివారు మరువలేదు. అంత వాన అక్కరలేదు. దారిమీద పలుచని నీటిపొర చాలును. టైరు గాళ్ళు ఆ నీటిని బయటకు నెట్టవలెను. గాళ్ళు అరిగినచో కారు నేలమీద గాక నీటిమీద జారును. లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని మోటారు నిబంధనలు చెప్పుచున్నవి. ఆ హద్దును చూపు చిన్న గుబ్బలు గాళ్ళ అడుగుననే ఉండును. టైరు వయస్సునకును గుర్తు కలదు. ప్రక్కగోడపై 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున చేసినదని అర్థము.

ఇంత తెలిసినను గుండు టైర్లతో కార్లు తిరుగుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు డ్రైవర్లు ఇచ్చు సమాధానము క్లుప్తము. టైరును చూచువాడు ఒకడు, కొనువాడు మరియొకడు. జీతమునకు నడుపువాడు చెప్పిన మాట యజమానికి ఖర్చుగ వినబడును. సొంత బండివానికి అప్పు వాయిదా ముందు, టైరు వెనుక. “ఈ నెల గడవనీ” అను మాట ఎన్ని కుటుంబములను దుఃఖమున ముంచినదో ఈ బాటకు తెలియును. 2020లో వచ్చిన నిబంధనప్రకారము, గాలి ఒత్తిడిని తెలుపు యంత్రమును మరమ్మతు సామగ్రియు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. యంత్రము మంచిదే. కాని ఆ దీపము వెలిగినప్పుడు బండి ఆపుట మనుష్యుని పని.

ఎద్దుబండి ఇనుపకట్టు నుండి ఉక్కుపట్టీల రేడియల్ వరకు ఈ బాట చూచిన మార్పు గొప్పది. టైరు మెరుగైన కొలది దానిని కనిపెట్టియుండు కన్ను మాత్రము మరుగున పడుచున్నది. ఒక్కొక్క టైరు నేలనానెడు చోటు మన అరచేతియంత. అట్టి నాలుగు అరచేతులమీద ఒక కుటుంబము విజయవాడకు చేరుచున్నది. కనుక ఎల్.బి.నగర్‌లో కారెక్కువారు ఛార్జీ యెంతయని అడుగుటతోపాటు గాలి చూచితివా యని కూడ అడుగవలెను. కాలితాపును మానుమని మేము చెప్పము. దానికి ఒక గేజిని, దారిలో ఒకసారి అరచేతిని తోడు చేయుమని మాత్రము కోరుచున్నాము.