అంతర గ్రంథాలయ అరువు (భారతదేశం)

తన దగ్గర లేని పుస్తకాన్నో, పత్రికా వ్యాసాన్నో ఒక గ్రంథాలయం మరోదాని నుంచి పాఠకుడి కోసం తెప్పించి ఇవ్వడమే అంతర గ్రంథాలయ అరువు. పుస్తకమైతే గడువులోగా తిరిగి పంపాలి. వ్యాసమైతే నకలు వస్తుంది, తిరిగి ఇవ్వనక్కర్లేదు. ఇలా నకలు పంపడాన్ని డాక్యుమెంట్ డెలివరీ అంటారు.

మన దేశంలో ఈ నకళ్ల సేవకు జాతీయ సంస్థ 1952లో వచ్చింది. యునెస్కో సాయంతో ఢిల్లీలో ఏర్పడిన ఇన్స్‌డాక్, శాస్త్రజ్ఞులు కోరిన వ్యాసాలకు నకళ్లు తీయించి పంపేది. విదేశీ మారకం దొరకడమే గగనమైన ఆ రోజుల్లో, దేశంలోకి వచ్చిన ఒక్క సంచికతోనే ఎందరి అవసరమో తీరాలి. ఆ సంచిక ఎక్కడుందో ముందు తెలియాలి కదా! అందుకే ఏ గ్రంథాలయంలో ఏ శాస్త్ర పత్రిక ఏ సంపుటాలు ఉన్నాయో చెప్పే ఉమ్మడి సూచికలను ఆ సంస్థ ఓపిగ్గా కూర్చింది. నకలు తీసే యంత్రాల కన్నా ఈ సూచికల మేలే ఎక్కువ.

1988లో ఢిల్లీ గ్రంథాలయాలను కలుపుతూ మొదలైన డెల్‌నెట్, తర్వాత దేశమంతా విస్తరించింది. సభ్యుల పుస్తకాల వివరాలను కంప్యూటర్‌లో ఒకచోట చేర్చి, అడిగినవాటిని కొరియర్‌లో తెప్పించే ఏర్పాటు చేసింది. తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీలు చాలా ఇందులో సభ్యులు. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 1991లో ఆరంభించిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ విశ్వవిద్యాలయాలకు ఇదే పని చేసిపెట్టింది. నకళ్లు పంపే బాధ్యత తీసుకున్న గ్రంథాలయాల్లో హైదరాబాద్ విశ్వవిద్యాలయానిది ఒకటి.

2004 నుంచి విశ్వవిద్యాలయాలకు ఈ-పత్రికలు ఉమ్మడి చందాతో అందసాగాయి. కంప్యూటర్ తెర మీదే వ్యాసం దొరికాక నకలు అడగాల్సిన పని తగ్గింది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకాన్ని ఆమోదించింది. 30 ప్రచురణ సంస్థల పత్రికలు దాదాపు 13,000 ఇందులో ఉన్నాయి. అరువు స్థానంలోకి చందా వచ్చిందన్నమాట. అయితే పథకం ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు కాలేజీల విద్యార్థులకు పాత దారే దిక్కు.

పుస్తకాల సంగతి వేరు. అచ్చు పుస్తకాన్ని కొన్న గ్రంథాలయం దాన్ని పొరుగు గ్రంథాలయానికి అరువివ్వగలదు, ఈ-పుస్తకానికి మాత్రం లైసెన్సు షరతులు అడ్డొస్తాయి. పునర్ముద్రణకు నోచుకోని తెలుగు పుస్తకాలు ఏ చందాలోనూ దొరకవు. వాటి కోసమైనా శాఖా గ్రంథాలయాల బీరువాల్లో ఉన్నవన్నీ ఉమ్మడి సూచికలోకి ఎక్కాలి.