500 బండ్లే ఎందుకు చేశారు? యమహా ఆర్‌7 కథ

పోయినసారి మన నైఫ్ కోట గురించి రాస్తే, డెలివరీ పని చేసే తమ్ముళ్లు "అన్నా, ఈసారి బండ్ల మీద రాయండి" అన్నారు. సరే, రాస్తున్నాం. కొంచెం పెద్దగానే ఉంటది, డ్యూటీ అయ్యాక తీరిగ్గా చదవండి.

మన ఊళ్లల్లో యమహా ఆర్‌15 తెలియని పోరగాడు లేడు. 2008లో ఇండియాలో దిగింది, 150 సీసీ. ఆ "ఆర్" అనే అక్షరం వెనక ఒక వంశం ఉంది. 1998లో ఆర్‌1 వచ్చింది. 1999లో ఆర్‌6, ఆర్‌7 వచ్చాయి. ఆర్‌1, ఆర్‌6 ప్రపంచమంతా షోరూముల్లో అమ్ముడుపోయాయి. ఆర్‌7ని మాత్రం 500 చేసి ఆపేశారు. కంపెనీ లోపల దాని గుర్తు ఓడబ్ల్యూ02.

ఇప్పుడు లెక్క చూడండి. అప్పట్లో అమెరికాలో ఆర్‌1 ధర పది వేల డాలర్ల పైచిలుకు ఉండేది. 998 సీసీ, 150 గుర్రాల బలం. ఆర్‌7 ధర సుమారు 32 వేల డాలర్లు, మన దిర్హమ్స్‌లో లక్షా 17 వేల పైమాటే. మరి బలం ఎంత? 749 సీసీ, షోరూము నుంచి బయటికి వచ్చినప్పుడు 106 గుర్రాలే! మూడింతల డబ్బు పెట్టి తక్కువ బలం కొనడమా? ఎవరికైనా పిచ్చి అనిపిస్తది. కానీ దాని వెనక ఒక రూలు ఉంది.

1988లో వరల్డ్ సూపర్‌బైక్ పోటీలు మొదలైనయి. అందులో ముఖ్యమైన షరతు ఏంటంటే, రేసులో దించే బండిని మామూలు జనానికి కూడా అమ్మాలి. ఇన్ని బండ్లు చేసినం అని లెక్క చూపిస్తేనే ట్రాక్ మీదికి రానిస్తారు. సైట్‌లో మనకు ఇది తెలిసిందే. కన్సల్టెంట్‌కి ఒక శాంపిల్ చూపించి, గోడకు ఇంకొకటి బిగిస్తే ఒప్పుకుంటాడా? ఇదీ అంతే. ఇంకో షరతు, నాలుగు సిలిండర్ల ఇంజిన్ 750 సీసీ దాటకూడదు. రెండు సిలిండర్లయితే 1000 సీసీ దాకా పోవచ్చు. అందుకే ఆర్‌1 ఎంత బలమైనదైనా ఆ పోటీకి పనికిరాలేదు.

ఈ రూలు వల్లే కంపెనీలు రేసు బండికి నంబర్ ప్లేటు తగిలించి అమ్మటం మొదలుపెట్టాయి. హోండా ఆర్‌సీ30 అలా పుట్టిందే. దాని మీదే ఫ్రెడ్ మెర్కెల్ 1988, 1989 రెండేళ్లూ ఛాంపియన్ అయ్యాడు. యమహా 1989లో ఓడబ్ల్యూ01 తెచ్చింది. పదేళ్ల తర్వాత ఓడబ్ల్యూ02, అంటే మన ఆర్‌7.

డబ్బంతా ఎక్కడ పెట్టారు? ఇంజిన్ లోపల. కనెక్టింగ్ రాడ్లు, వాల్వులు టైటానియం. సిలిండర్‌కి 5 చొప్పున 20 వాల్వులు. సస్పెన్షన్ స్వీడన్‌కి చెందిన ఓలిన్స్ వాళ్లది. ఇంత పెట్టినా బలం కట్టేసి అమ్మారు. దుబాయ్‌లో షెల్ అండ్ కోర్ అని ఆఫీసులు అప్పగిస్తాం కదా, గోడలూ స్లాబూ మనవి, లోపలి పని కొన్నవాడిది. ఆర్‌7 కూడా అంతే. రేసు కిట్ వేరే డబ్బులు పెట్టి కొని బిగిస్తేనే దాని అసలు బలం, 160 గుర్రాల దాకా, బయటికి వస్తది. అది రేసు టీముల కోసం చేసిన బండి, బజారుకు పోయి రావటానికి కాదు.

ఇంత చేసినా ఆర్‌7కి ప్రపంచ కప్పు రాలేదు. 2000లో నోరియుకి హగా దగ్గరదాకా తెచ్చాడు. కానీ డోపింగ్ పరీక్షలో ఎఫెడ్రిన్ దొరికింది, పాయింట్లు కోసేశారు. ఆ ఏడు హోండా మీద కోలిన్ ఎడ్వర్డ్స్ గెలిచాడు, హగా రెండోవాడు. ఆ తర్వాత 2003లో రూలు మారి నాలుగు సిలిండర్లకీ 1000 సీసీ ఇచ్చారు. దాంతో ఆర్‌7 అవసరమే లేకుండా పోయింది.

2021లో యమహా అదే పేరుతో ఇంకో బండి తెచ్చింది. 689 సీసీ, రెండు సిలిండర్లు. పేరు తప్ప పాతదానితో చుట్టరికం లేదు. మన ఆర్‌15కి కూడా పెద్దోళ్ల నుంచి వచ్చింది ఎక్కువగా పేరు, ముఖం, డెల్టాబాక్స్ అనే ఫ్రేము మాటే. అది మంచి బండే, కాదనం. కానీ పోరగాడు కొంటున్నది రేసు బండి కాదు, రేసు బండి పోలిక.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, మన బెడ్ స్పేసుల్లో రాత్రి ఫోన్లన్నీ ఇదే మాట. "నాన్నా, అందరికీ ఉంది, నాకూ కొనివ్వు." దూరంగా ఉన్నామనే బాధకి మనం సరే అంటాం. పై బెర్తులో పడుకుని మిగిల్చిన దిర్హమ్స్ అట్లా పోతయి. డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఆ ముందుకు వంగే సీటు, ఆ పోలిక ట్రాక్ కోసం పుట్టినయి. ట్రాక్ మీద అందరూ ఒకవైపే పోతారు, ఒంటి నిండా తోలు సూటు, పక్కన అంబులెన్సు. మన రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, బర్రెలు అడ్డం వస్తయి, లైటు లేని ట్రాక్టరు నిలబడి ఉంటది.

పిల్లల్ని తిట్టొద్దు, వాళ్ల సరదా తప్పు కాదు. ఈసారి ఫోన్ వచ్చినప్పుడు ఈ 500 బండ్ల కథ చెప్పండి, ఇష్టంగా వింటారు. ఆ తర్వాత ముందు లైసెన్సు, తర్వాత మంచి హెల్మెట్, ఆ పైన బండి అనండి. ఈ వరస తప్పనివ్వొద్దు. ఇక్కడి నుంచి మనం డబ్బు పంపగలం గానీ, అర్ధరాత్రి ఆసుపత్రికి ఉరకలేం.