నౌపడ నుంచి గుణుపురానికి: ఉద్దానం తీరం – వంశధార లోయ మధ్య దారి చరిత్ర

ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, ఇచ్ఛాపురం మండలంలో ఉన్న డొంకూరు మొదలుకొని దక్షిణాన పలాస, టెక్కలి ప్రాంతాల వరకు సముద్రానికీ తూర్పు కనుమలకూ మధ్య భూభాగం సన్నని పట్టీగా సాగుతుంది. ఇందులో కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన ఇసుక నేలను ఉద్దానం అంటారు. దీనికి పడమర 1501 మీటర్ల ఎత్తున మహేంద్రగిరి, దాని ఆవల సవరల కొండలు, వాటి మధ్య వంశధార లోయ ఉన్నాయి. ఆ లోయలోని గుణుపురానికి 1931లో రైలు చేరింది. అంతవరకు బాహ్య ప్రపంచానికి దూరంగా ఉన్న లోయను రైలే తెరిచిందనే అభిప్రాయం సాధారణంగా వినిపిస్తుంది. ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

రైలుకు ముందు

కొండవాసులకు ఉప్పు, ఎండుచేపలు తీరం నుంచే రావాలి. నౌపడ ఉప్పు మళ్లకు ప్రసిద్ధి. కొండల నుంచి చింతపండు, పసుపు వంటి సరుకు కిందికి దిగేది. కావడి, తలమూట, ఎడ్లబండి ఈ రాకపోకలకు సాధనాలు. కొండ అంచున జరిగే వారపు సంతలు కూడలి స్థానాలు.

ఈ సంబంధం గాఢతకు రెండు ఆధారాలు ఉన్నాయి. మొదటిది చట్టం. గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకు వర్తించేలా మద్రాసు ప్రభుత్వం 1917లో వడ్డీ, భూబదలాయింపు నియంత్రణ చట్టాన్ని తెచ్చింది. కొండజాతుల భూమి అనుమతి లేకుండా ఇతరుల పరం కారాదన్నది దాని సారం. మైదానపు వర్తకుడూ అతని అప్పుపత్రమూ అప్పటికే కొండెక్కి ఉండకపోతే ఇటువంటి చట్టం అవసరమయ్యేది కాదు.

రెండవది భాషాకృషి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు వేంకట రామమూర్తి సవరల భాషను వారి నుంచే నేర్చుకొన్నారు. వారి పిల్లలకు బడులు నడిపారు. ఆయన సవర భాషా వ్యాకరణ గ్రంథం 1931లో వెలువడింది. రైలు గుణుపురం చేరినదీ అదే సంవత్సరం. అంటే ఆ గ్రంథం వెనుక ఉన్న దశాబ్దాల పరిచయమంతా రైలు అంత దూరం రాకముందే ఏర్పడింది.

సంస్థానం వేసిన పట్టాలు

తూర్పు తీరపు ప్రధాన రైలుమార్గం 1893–96 మధ్య నిర్మితమైంది. ఆ మార్గంలోని నౌపడకు తమ రాజధానిని కలపాలని పర్లాకిమిడి సంస్థానాధీశులు సంకల్పించారు. రెండున్నర అడుగుల వెడల్పు గల ఈ చిన్న పట్టాల మార్గంపై 1900లో రాకపోకలు మొదలయ్యాయి. టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా సాగే ఈ మార్గం పొడవు సుమారు 40 కిలోమీటర్లు. తొలి ఏళ్లలో నష్టాలు వచ్చాయి. క్రమంగా ఆదాయం పెరిగాక మార్గాన్ని 1929–31 మధ్య గుణుపురం వరకు పొడిగించారు. మొత్తం పొడవు సుమారు 90 కిలోమీటర్లయింది.

రైలు తెచ్చిన మార్పు పరిమాణానికి సంబంధించినది. బండి మోయలేని బరువు కదిలింది; వానకాలపు ఆటంకం తగ్గింది. అయితే సరుకు మారిన దిక్కు మారలేదు. రైలు పాత వర్తకపు బాటనే అనుసరించింది. అది సంస్థాన రాజధానిని, ప్రధాన మార్గాన్ని కలిపిందే గాని కొండలపై ఉన్న సవర గూడేలకు చేరలేదు. స్టేషను నుంచి గూడేనికి కాలినడకే మిగిలింది.

సరిహద్దు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం, గుణుపురం ఆ రాష్ట్రంలో చేరాయి. నౌపడ, టెక్కలి, పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాయి. ఒకే సంస్థానం వేసిన ఒకే దారి రెండు పాలనల కిందికి వచ్చింది. తెలుగువారికి అన్యాయం జరిగిందని భావించిన రామమూర్తి పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. ఐదున్నర దశాబ్దాల కార్యక్షేత్రం ఆయనకు పొరుగు రాష్ట్రమైంది. సవర భాషకు మాత్రం ఆ గీత వర్తించలేదు. ఆ భాష మాట్లాడేవారు నేటికీ రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

రైలు సరిహద్దును దాటుతూనే ఉంది. 2004లో చిన్న పట్టాలపై రాకపోకలు నిలిచిపోయాయి. పెద్ద పట్టాలపై 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపురానికి రైళ్లు మొదలయ్యాయి. నడుమ ఉన్న ఆరేడేళ్లు లోయవాసులకు మళ్లీ రోడ్డే ఆధారమైంది. నేడు డొంకూరు నుంచి గుణుపురం వెళ్లదలచినవారు రోడ్డున ఇచ్ఛాపురం చేరి, జాతీయ రహదారిపై పలాస, టెక్కలి దాటి, పాతపట్నం, పర్లాకిమిడిల మీదుగా సాగవచ్చు. లేదా నౌపడ కూడలి వద్ద గుణుపురం రైలు అందుకోవచ్చు.

ముగింపు

వంశధార లోయను రైలు తెరిచిందనడం కంటే, అప్పటికే ఉన్న దారికి ఒక సంస్థానం పట్టాలు వేసిందనడం సమంజసం. ఆ దారిని ముందుగా ఏర్పరచినవారు ఉప్పు మూటలు మోసినవారు, సంతలకు దిగివచ్చిన సవరలు, భాష నేర్వడానికి వెళ్లిన ఉపాధ్యాయుడు. అప్పుపత్రం వెళ్లినదీ ఆ దారినే. సరిహద్దు ప్రాంతపు తెలుగు–సవర సంబంధాలను అధ్యయనం చేసేవారు రాష్ట్రాల పటంతో పాటు ఈ దారిని కూడా ప్రాతిపదికగా తీసుకోవలసి ఉంటుంది.