తెలుగునాట ఆంగ్ల సాహిత్య బోధన

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఇంగ్లీషును బడిలోనే నేర్చుకునే పిల్లలకు ఆ భాషలోని కథ, కవిత, నాటకం, నవలలను పాఠాలుగా చెప్పే పద్ధతికి తెలుగునాట సుమారు 180 ఏళ్ల చరిత్ర ఉంది. ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక తీరుగా, నిజాం రాజ్యంలో మరో తీరుగా మొదలైంది.

ఆరంభం

1835 మార్చిలో గవర్నర్ జనరల్ బెంటింక్, తన కౌన్సిల్ సభ్యుడు మెకాలే వాదన ప్రకారం ప్రభుత్వ విద్యానిధులను ఇంగ్లీషు చదువుకు మళ్లించాడు. 1843లో క్రైస్తవ మిషనరీ రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో ఇంగ్లీషు పాఠశాల తెరిచాడు. అదే తర్వాత నోబుల్ కళాశాల అయింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక షేక్‌స్పియర్, మిల్టన్ రచనలు పరీక్షల పాఠ్యాలయ్యాయి. పంక్తి చదివి, అర్థం చెప్పి, వ్యాఖ్య రాయించడమే బోధన.

ఆ చదువు తెలుగు సాహిత్యానికి మేలే చేసింది. గోల్డ్‌స్మిత్ నవల ప్రేరణతో కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ రాశారు. ఇంగ్లీషు కాల్పనిక కవుల ప్రభావం భావకవిత్వంలో కనిపిస్తుంది.

తెలంగాణలో

1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగేది, ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశం. తెలుగు ఇళ్ల విద్యార్థి ఉర్దూలో చదువుకుంటూ, ఆపైన ఇంగ్లీషు సాహిత్యాన్ని అందుకోవాల్సి వచ్చేది. మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమైన నిజాం కళాశాలలో మాత్రం ఇంగ్లీషే మాధ్యమం. 1948లో నిజాం పాలన ముగిశాక ఉస్మానియా కూడా ఇంగ్లీషు మాధ్యమానికి మారింది.

భాషా, సాహిత్యమా?

1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ ఏర్పడింది. కన్నడ కవి వి.కె. గోకాక్ దాని తొలినాళ్లలో సంచాలకులుగా పనిచేశారు. ఉపాధ్యాయుల శిక్షణకు పెద్దపీట వేసిన ఈ సంస్థ 2007లో ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. సంస్థ తొలినాళ్లలో వాక్య నిర్మాణాలను వరుసగా నేర్పే పద్ధతికి ప్రాధాన్యం పెరిగి, సాహిత్యం వెనక్కి తగ్గింది.

1968లో తెలుగు అకాడమి ఏర్పడ్డాక ఇంటర్, డిగ్రీ చదువులు తెలుగులో విస్తరించాయి. ఇంగ్లీషు ఒక పేపరుగా మిగిలింది. పాఠం, పద్యం, నాన్‌డిటెయిల్డ్ అన్న మూడు భాగాలకూ గైడ్లు వచ్చాయి. మూలం తెరవకుండా సారాంశం బట్టీ పట్టి పాసయ్యే అలవాటు స్థిరపడింది. ఈ చరిత్రలో పిల్లలకు జరిగిన అతి పెద్ద నష్టం ఇదే.

1975లో ఆంగ్ల భాషాబోధన పండితుడు విడోసన్ శైలీశాస్త్రంపై రాసిన పుస్తకం, సాహిత్యంతోనే భాష నేర్పవచ్చన్న ఆలోచనకు బలమిచ్చింది. 1990లలో ఆంగ్ల అధ్యాపకురాలు సూసీ థారు తదితరులు, ఎవరి సాహిత్యాన్ని ఎవరికి చెబుతున్నామన్న ప్రశ్న లేవనెత్తారు. కులం, స్త్రీలు, ప్రాంతం తరగతి గదిలో చర్చకు వచ్చాయి. ఆ మార్పు బడి పుస్తకాల్లోనూ కనిపిస్తుంది. పదో తరగతి ఇంగ్లీషు వాచకంలో పి. సత్యవతి తెలుగు కథ అనువాదం, ‘మాయాబజార్’ సినిమాపై పాఠం చోటు చేసుకున్నాయి.

కాటారం వంటి చోట్ల

కాటారం తెలంగాణలోని జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఒక మండలం. రాష్ట్రమంతటి సర్కారు బడుల్లాగే ఇక్కడి బడులకూ 2022-23లో 1 నుంచి 8 తరగతుల్లో ఇంగ్లీషు మాధ్యమం, తెలుగు-ఇంగ్లీషు ద్విభాషా పుస్తకాలు వర్తించాయి. 2023-24 నుంచి ఇంటర్ మొదటి సంవత్సరం ఇంగ్లీషులో 20 మార్కుల ప్రాక్టికల్స్ చేరాయి. వినడం, మాట్లాడటం కూడా పరీక్షలో భాగమయ్యాయి.

ఇంగ్లీషు వినిపించని ఊళ్లలో ఆ భాషను మనుషుల మాటగా, కోపంగా, నవ్వుగా పరిచయం చేసేది కథే. ఒగ్గుకథ వింటూ పెరిగిన పిల్లలకు కథను పట్టుకోవడం కొత్త కాదు. ముందు తెలుగులో మాట్లాడించి, తర్వాత మూలాన్ని చదివిస్తే వాళ్లు దాన్ని అందుకోగలరు. పరీక్ష కోసం సారాంశం చెప్పి వదిలేయకుండా, ఏడాదికి ఒక్క కథనైనా మొదటి నుంచి చివరి దాకా పిల్లలతో చదివించడం ప్రతి ఇంగ్లీషు ఉపాధ్యాయుడూ చేయదగిన పని, చేయాల్సిన పని.