గీయని పచ్చికబయలు

మెల్‌బోర్న్‌కు పడమట పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న టార్నీట్‌ను ఇవాళ తెలుగువారు ఇళ్లు కొనుక్కునే పేటగా ఎరుగుదురు. ఆ ఇళ్ల కింద ఉన్నది పాత అగ్నిపర్వతాల లావా పరుచుకున్న నేల. దానిమీద కంగారూ గడ్డి, ఆ దుబ్బుల సందుల్లో స్పైనీ రైస్‌ఫ్లవర్ వంటి పొట్టి మొక్కలు పెరిగేవి. ఈ పచ్చికబయళ్లలో మిగిలింది అతిస్వల్పం కావడంతో, 2008లో ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం వాటిని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్నవిగా ప్రకటించింది. ఈ నష్టం ఇంత నిశ్శబ్దంగా జరిగిపోవడానికి మొక్కల చిత్రకళ అభిరుచి కూడా ఒక కారణమని నా వాదన.

ఆ అభిరుచికి పేరు తెచ్చినావిడ ఎలిస్ రోవన్. 1848లో మెల్‌బోర్న్‌లోనే పుట్టింది. క్వీన్స్‌లాండ్ అడవుల్లో తిరిగి, డెబ్బయ్యేళ్లకు చేరువవుతూ పాపువా వెళ్లి, మలేరియా బారిన పడి కూడా కుంచె వదల్లేదు. ఆమె చూసిన మొక్కలను గుర్తించడంలో విక్టోరియా ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ ఫాన్ మ్యూలర్ సాయపడ్డాడు. 1888 మెల్‌బోర్న్ అంతర్జాతీయ ప్రదర్శనలో ఆమెకు అగ్ర బహుమతి దక్కితే తోటి చిత్రకారులు గొడవ చేశారు. ఆమె మరణించిన మరుసటి ఏడాది, 1923లో, ప్రభుత్వం 947 చిత్రాలను 5,000 పౌండ్లకు కొన్నది. అయితే జనాన్ని కట్టిపడేసింది సుదూరం, సాహసం, మెరిసే రంగు. ఊరి పక్కన మోకాలెత్తు గడ్డిలో ఆ మూడూ లేవు.

ఊరి చుట్టుపక్కల మొక్కలను గీసినవారే లేరా అని అడగవచ్చు. ఉన్నారు. ఫానీ ఆన్ చార్స్‌లీ మెల్‌బోర్న్ పరిసరాల అడవిపూల మీద 1867లో ఒక పుస్తకమే వెలువరించింది. కానీ అక్కడా పూలకే పెద్దపీట. అసలు బయలును మింగింది గొర్రెల మందలు, నాగళ్లు, తర్వాత ప్లాట్లు కదా, బొమ్మ గీస్తే అవి ఆగేవా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. ఆగేవి కావు. మూలకారణం భూమి విలువే; 2010లో మాటిచ్చిన 15,000 హెక్టార్ల పచ్చిక అభయారణ్యానికి 2020 గడువు దాటినా భూసేకరణ పూర్తికాకపోవడమే అందుకు సాక్ష్యం. అయితే ఎవరూ గీయక ఖాళీ జాగా అని ముద్రపడిన నేలను తీసుకోవడం తేలిక. నిజానికి అది ఖాళీగా ఎన్నడూ లేదు. ఆదివాసీ స్త్రీలు ముర్నాంగ్ దుంపలు తవ్వుకున్న అన్నపు నేల అది. ఆ దుంపలను వలసదారుల గొర్రెలు మేసేశాయి.

ఇంకో పద్ధతి అసాధ్యమేమీ కాదని మన సామర్లకోటే చెబుతుంది. అక్కడ 1780లలో వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ భారతీయ చిత్రకారులను పెట్టుకుని కోరమాండల్ తీరపు మొక్కలు గీయించాడు. 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాల్లో 300 చిత్రాలు అచ్చయ్యాయి. బట్టలకు ఎర్రరంగునిచ్చే చిరివేరు, చూడ్డానికి ఏ విశేషమూ లేని మొక్క, అందులో చోటు సంపాదించింది. కారణం ఈస్టిండియా కంపెనీ లాభాపేక్షే, ప్రకృతి ప్రేమ కాదు. గీసినవారి పేర్లు సైతం పుస్తకానికి ఎక్కలేదు. అయినా అందంతో పనిలేని ఆ చూపు కాళ్ల కింది మొక్కను పట్టుకోగలిగింది. రోవన్ సాహసం గొప్పదే. కానీ మొక్కల చిత్రాన్ని చరిత్రకు ఆధారంగా తీసుకునేటప్పుడు, చిత్రకారులు ఎంత దూరం వెళ్లారన్నదానితో పాటు ఏ మొక్కలను దాటుకుని వెళ్లారన్నదీ లెక్కలోకి రావాలి.