మాఱువేషపు పెండ్లికూతురు: జాన్సన్, గురజాడ

పెండ్లికూతురని నమ్మి చేపట్టిన వ్యక్తి తుదకు బాలుడని తేలుట హాస్యనాటకమున పేరెన్నిక గన్న వంచన. బెన్ జాన్సన్ 1609 ప్రాంతమున రచించిన ‘ఎపిసీన్’కును, 1892లో విజయనగరమున ప్రదర్శితమై 1897లో అచ్చయిన గురజాడ ‘కన్యాశుల్కము’నకును ఇది సమానము. ఇంతమాత్రమున మొదటిది రెండవదానికి మూలమనుట తొందరపాటని మా అభిప్రాయము. పోలికకంటె భేదమే ఇచట విచారణీయము.

జాన్సన్ నాటకమున వృద్ధుడగు మొరోస్, మేనల్లునికి ఆస్తి దక్కరాదని పెండ్లికి పూనుకొనును. మితభాషిణి యని తెచ్చుకొన్న వధువు పెండ్లి కాగానే గయ్యాళి యగును. ఆస్తిపత్రము చేజిక్కిన పిదప మేనల్లుడు ఆమె కృత్రిమకేశములు తొలగించును. అంతవఱకు ప్రేక్షకులకును రహస్యము తెలియదు. స్త్రీపాత్రలన్నియు బాలురే ధరించు ఆ రంగమున అనుమానమునకు తావేది?

గురజాడ మార్గము వేఱు. కరటకశాస్త్రి తన శిష్యుని ఆడపిల్లగా మార్చి లుబ్ధావధాన్లకు అంటగట్టుట మనకు ముందే తెలియును. ఆతడు కాపాడగోరినది ఆస్తిని కాదు, మేనకోడలు సుబ్బిని. నాటి విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో 1034 శుల్కవివాహములు నమోదైనవనియు, అందు 99 మంది అయిదేండ్ల బాలికలనియు గురజాడ ఆంగ్లపీఠిక తెలుపుచున్నది.

కావున జాన్సన్ నాటకమున నవ్వు రహస్యము బయటపడుటలో నున్నది. గురజాడ నాటకమున బేరములో నున్నది. వెల తగ్గినదని సంతసించిన వరుడు వధువును చూడనేలేదు. కన్యకు వెలగట్టు ఆచారమును అంతకన్న సూటిగా ఎత్తిచూపుట కష్టము.